చెరువు త్రవ్విన శివయోగి: సొన్నలిగె సిద్ధరామయ్య

మానవుడు చెడు చేయునపుడు తన్ను తాను దాచుకొనును. మంచి చేయునపుడు తన్ను తాను చాటుకొనును. ఈ రెండును మనస్సునకు సహజములైన గుణములే. మొదటి దోషమును ఎల్లరును గుర్తింతురు. రెండవ దానిని గుర్తించుట కష్టము. ఏలయన అది పుణ్యమను వస్త్రమును ధరించి వచ్చును. చెరువులు త్రవ్వించినవారు, గుడులు కట్టించినవారు, అన్నసత్రములు నడపినవారు ఈ రెండవ దోషమునకు లోనగుట చరిత్రయందు పెక్కుచోట్ల కానవచ్చును. తన పుణ్యకార్యము వెనుక దాగియున్న ఆ దోషమును తానే చూచి, పదిమంది యెదుట ఒప్పుకొని, దానిని దాటిన మహనీయుడొకడు 12వ శతాబ్దమున కన్నడదేశమున వెలసెను. ఆయనయే సొన్నలిగె సిద్ధరామయ్య. శివయోగి సిద్ధరామేశ్వరుడని వీరశైవ లోకము ఆయనను కొలుచుచున్నది.

ఆయన చరిత్ర మనకు మూడు త్రోవల వచ్చినది. హరిహర కవికి మేనల్లుడును శిష్యుడును అయిన రాఘవాంకుడు షట్పది ఛందమున సిద్ధరామ చరిత్రను వ్రాసెను. 15వ శతాబ్దమున రూపొందిన శూన్యసంపాదనమును, చామరసుని ప్రభులింగలీలయు అల్లమప్రభువుతో ఆయనకు జరిగిన సమాగమమును వర్ణించినవి. ఇక మూడవది ఆయన స్వయముగ పలికిన వచనములు. కపిలసిద్ధ మల్లికార్జునుడను అంకితముతో అట్టివి వెయ్యికి పైగా నేడు లభించుచున్నవి. మహిమలను భక్తితో చదువువారికి ఈ చరిత్ర మహిమల చరిత్ర. మనస్సును పరిశీలించువారికి ఇది ఒక మనిషి లోపల జరిగిన పెద్ద మార్పు యొక్క చరిత్ర.

జననము, బాల్యము

సొన్నలిగె అనునది నేటి మహారాష్ట్ర రాష్ట్రమునందలి షోలాపురము. వానలు తక్కువ; నేల నల్లరేగడి; జొన్న అక్కడి ప్రధానమైన పంట. అట్టి సీమలో ముద్దుగౌడ, సుగ్గవ్వ అను దంపతులు వ్యవసాయము చేసికొని జీవించుచుండిరి. వారికి శివయోగియైన కుమారుడు కలుగునని రేవణసిద్ధేశ్వరుడు ముందుగనే తెలిపెనని సంప్రదాయము చెప్పుచున్నది. ఆ కుమారుడే సిద్ధరాముడు.

బాలుడు తోటి పిల్లలవలె మాటకారి కాడు. అతనికి ఆటపాటలయందు ఆసక్తి లేదు. చూచువారికి మందబుద్ధివలె తోచెను. ఇంటివారు అతనిని పశువులను మేపుటకును, చేనికి కావలి యుండుటకును పంపుచుండిరి. చురుకుగ మాటలాడు బిడ్డను చూచి మురియుట, మౌనముగ నుండు బిడ్డను చూచి దిగులుపడుట తల్లిదండ్రులకు నేటికిని మామూలే. కాని పైకి ఎండి కనిపించు నల్లరేగడి నేల లోపల తేమను దాచుకొని, వాన వెలిసిన తరువాత కూడ పైరును పెంచును. సిద్ధరాముని మౌనము అట్టిది. పిలిచినవాడు వచ్చువరకు అది పలుకలేదు.

మల్లయ్య రాక

ఒకనాడు బాలుడు చేనియొద్ద ఉండగా జంగమ వేషమున ఒక పెద్ద వచ్చెను. తన ఊరు శ్రీశైలమనియు, తన పేరు మల్లయ్య యనియు చెప్పెను. ఆకలిగ నున్నదనెను. సిద్ధరాముడు చేనిలోని లేత కంకులు కోసి తెచ్చి పెట్టెను. వచ్చినవాడు వానిని తిని, ఇంకను కడుపు చల్లబడలేదనియు, పెరుగు కలిపిన అన్నము కావలెననియు అడిగెను. బాలుడు పశువులను, చేనిని అక్కడనే విడిచి ఇంటికి పరుగెత్తెను. తల్లిచేత అన్నము కలిపించుకొని తిరిగి వచ్చునప్పటికి మల్లయ్య లేడు.

ఆ పిల్లవాడు చేనిగట్టున నిలిచి మల్లయ్యా యని పిలిచి పిలిచి ఏడ్చెను. తాను చూచినవాడు దేవుడని అతనికి తెలియదు. అన్నము పెట్టెదనని చెప్పి పోయినవానికి పెట్టలేకపోతినన్న బాధయే అతనిని దహించినది. ఈ ఘట్టము మిక్కిలి చిన్నది. అయినను సిద్ధరామయ్య జీవితమంతయు దీనినుండియే మొలకెత్తినది. ఆకలిగొన్నవాని చేతికి అన్నము అందవలెనన్న ఆరాటము పూజకు ముందే పుట్టినది. తత్త్వము ఇంకను రాలేదు, దీక్ష ఇంకను రాలేదు, దయ మాత్రము వచ్చినది.

శ్రీశైల యాత్ర

అంతలో శ్రీశైలమునకు పోవు యాత్రికుల గుంపొకటి ఆ దారిన వచ్చెను. మల్లయ్య ఊరికే పోవుచున్నామని వారు చెప్పగా బాలుడు వారి వెంట నడచెను. కన్నడ, మహారాష్ట్ర సీమలనుండి నల్లమల అడవులగుండ శ్రీపర్వతమునకు సాగు యాత్ర ఆ కాలమున ఎంత ప్రసిద్ధమో తెలుగువారికి చెప్పనక్కరలేదు. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలోని పర్వత ప్రకరణమున ఆ యాత్రికుల పాటలను, ఆటలను, వ్రతములను, కష్టములను కన్నులకు కట్టునట్లు వర్ణించెను. అట్టి జనసమూహములో పెరుగన్నము పెట్టవలసినవానిని వెదకికొనుచు ఒక పల్లెటూరి పిల్లవాడు నడచి వచ్చెను.

శ్రీశైలమును చేరిన పిమ్మట యాత్రికులు అతనిని గర్భగుడికి తీసికొనిపోయి లింగమును చూపిరి. ఇతడే మల్లయ్య యనిరి. బాలుడు నమ్మలేదు. తన చేనికి వచ్చినవాడు నడచినవాడు, నవ్వినవాడు, ఆకలి యన్నవాడు. రాతిని చూపి అతడే యని చెప్పిన యెడల ఆ పిల్లవాడు ఎట్లు ఒప్పుకొనును? గుడినుండి బయటకు వచ్చి కొండలలో, లోయలలో పిలుచుచు తిరిగెను. కాళ్లు నెత్తురోడెను. కడకు జవాబు రాకపోగా కొండచరియనుండి దూకుటకు సిద్ధపడెను. అప్పుడు మల్లికార్జునుడు ప్రత్యక్షమై చేయిపట్టి ఆపెననియు, సొన్నలిగెకు మరలిపోయి దానిని రెండవ శ్రీశైలముగ చేయుమని ఆనతిచ్చెననియు రాఘవాంకుడు వర్ణించెను.

భక్తి మార్గమున ఈ బాలుని పట్టుదలకు విలువ కలదు. పెద్దలు చూపిన దానిని చూచితినని చెప్పి మ్రొక్కి వచ్చుట లోకరీతి. చూడనిదానిని చూచితినని అనకుండుట సత్యవంతుల రీతి. ఏండ్లు గడచిన తరువాత అల్లమప్రభువు ఎదుట నిలిచినపుడు సిద్ధరామయ్యను కాపాడినది బాల్యమునందలి ఈ సత్యసంధతయే.

చెరువు, గుడి, అన్నదానము

మరలివచ్చిన సిద్ధరామయ్య సొన్నలిగెను మార్చివేసెను. కపిలసిద్ధ మల్లికార్జునుని ప్రతిష్ఠించెను. ఊరి చుట్టును 68 శివలింగములను నెలకొల్పెను. వానలు కురియని సీమలో పెద్ద చెరువును త్రవ్వించెను. చామలదేవి యను రాణి ఈ కార్యములకు భూమినిచ్చి తోడ్పడెనని చరిత్రకారులైన కవులు చెప్పుదురు. బాటసారులకు అన్నము, రోగులకు ఆశ్రయము లభించెను. కూలికి వచ్చినవారు కొందరు, భక్తితో వచ్చినవారు కొందరు గడ్డపార, తట్ట చేతబట్టి పనిచేసిరి. సిద్ధరామయ్య గట్టుమీద కూర్చుండి ఆజ్ఞలిచ్చినవాడు కాడు. తానును మన్ను మోసెను.

ఎండాకాలమున రెండు కడవల నీటికై కోసులు నడచిన స్త్రీలకు చెరువనగా ఏమో తెలియును. పశువులకు నీరు లేక అమ్ముకొన్న రైతునకు తెలియును. చెరువు నిండినచో చుట్టుపట్ల బావులలో ఊట పెరుగును. బావిలో ఊట యున్నచో పైరు నిలుచును. పైరు నిలిచినచో మనుష్యులు ఊరు విడిచిపోరు. కావున సిద్ధరామయ్య చేసిన పని చిన్నది కాదు. జనులు ఆయనను దేవునివలె చూచుట వింత కాదు. ఆయన పేరు దేశమంతట వ్యాపించెను. సొన్నలిగె నిజముగనే రెండవ శ్రీశైలమైనది.

కాని చెరువులోనికి నీటితోపాటు పూడిక కూడ వచ్చి చేరును. అది వచ్చునపుడు ఎవరికిని కనిపించదు. నీరు తేటగనే యుండును. అడుగున మట్టి పొర మీద పొర పేరుకొనుచుండును. పుణ్యకార్యము చేయు మనస్సులోను అట్లే నేను అను పూడిక చేరుచుండును. ఈ చెరువు నాది, ఈ గుడి నాది, వీరందరు నా వలన బ్రతుకుచున్నారు అను తలపు పైకి రాదు, అడుగుననే యుండును. దానిని పైకి తెచ్చుటకు ఎవరైన వచ్చి నీటిని కలచవలెను.

అల్లమప్రభువు రాక

కలచినవాడు అల్లమప్రభువు. దేశసంచారము చేయుచు ఆయన సొన్నలిగెకు వచ్చెను. వేలకొలది జనులు చెరువు పనిలో నుండగా గట్టున నిలిచి, ఒడ్డరాముడు ఎక్కడ నున్నాడని అడిగెను. ఒడ్డెవారనగా మన్ను త్రవ్వి, రాళ్లు కొట్టి జీవించువారు. తెలుగునాట వడ్డెరలని పిలువబడు కష్టజీవులు వారే. తమ గురువును శివయోగి యనక, సిద్ధుడనక, మన్ను త్రవ్వువాడని పిలుచుట విని అక్కడివారికి కోపము వచ్చెను. చేతిలో నున్న రాళ్లను ప్రభువు మీదకు రువ్విరి. రాళ్లు గుట్టగ పడినవి గాని ఆయనకు తగులలేదని పురాణము.

ఇక్కడ ఒక్కక్షణము నిలిచి ఆలోచింపవలెను. రాళ్లు రువ్వినవారు చేయుచున్న పని యేమి? మన్ను త్రవ్వుటయే. అయినను మన్ను త్రవ్వువాడను మాట వారికి నిందగ తోచెను. తాము ఏ పని వలన బ్రతుకుచున్నారో ఆ పని పేరు పెట్టి తమ పెద్దను పిలిచినచో అవమానమని తలచిరి. మనుష్యుని స్వభావమున ఇది ఒక లోతైన గాయము. పనిని చేయును, పని వలన బ్రతుకును, ఆ పని పేరును మాత్రము సిగ్గుగ భావించును. కల్యాణమున బసవేశ్వరుడు కాయకమును గూర్చి బోధించినది ఈ గాయమును మాన్పుటకే. బట్టలుతుకు మడివాళ మాచయ్య, పడవ నడపు అంబిగర చౌడయ్య, త్రాళ్లు పేను నులియ చందయ్య, కట్టెలమోపు మోయు మోళిగె మారయ్య తమ పని పేరునే తమ పేరునకు ముందుంచుకొని అనుభవమంటపమున కూర్చుండిరి. ఆ గౌరవము సొన్నలిగె చెరువుగట్టుకు ఇంకను రాలేదు.

జనులు పరుగున పోయి సిద్ధరామయ్యకు జరిగినది చెప్పిరి. ఆయన కోపముతో వచ్చెను. యోగబలముచే కంటినుండి అగ్ని వెడలెననియు, ఆ మంట ప్రభువును తాకక మరలి సొన్నలిగె మీదకే పోయెననియు, దానిని ప్రభువే చల్లార్చెననియు ప్రభులింగలీల చెప్పుచున్నది. దీనిని మహిమగ చదువవచ్చును. సత్యముగను చదువవచ్చును. కోపము ఎవరి మీదకు పంపబడినదో వారిని కాల్చునో లేదో గాని, పంపినవాని ఇంటిని కాల్చక మానదు. ఏండ్ల తరబడి మన్ను మోసి నిలిపిన ఊరు ఒక్క నిమిషపు కోపమున అంటుకొన్నది. అంత పుణ్యము చేసిన మనస్సు ఒక్క పిలుపునకు అంతగా మండినచో ఆ పుణ్యము క్రింద ఏదో మిగిలియున్నదని తెలియుచున్నది.

సిద్ధరామయ్య గొప్పతనము ఇక్కడనే కలదు. మంట చల్లారిన వెంటనే ఆయన తన కోపమును సమర్థించుకొనలేదు. తన సేవలను లెక్కపెట్టి చూపలేదు. ఎదుట నున్నవాడు తనకన్న ఎక్కువ చూచినవాడని గ్రహించి నమస్కరించెను. చూడనిదానిని చూచితినని అనని ఆ శ్రీశైలపు బాలుడు, చూచినదానిని చూడలేదని కూడ అనలేదు.

ప్రభువు బోధించిన సారము ఇది. చెరువు ఎండాకాలమున ఎండును. గుడి కాలక్రమమున కూలును. బయట కట్టినవి యన్నియు బయటనే యుండును. కట్టినవాడు లోపల ఏమి కట్టెనో దానినే ప్రశ్నింపవలెను. ఫలమునకై చేసిన పుణ్యము కూడ బంధమే. ఇనుప సంకెలకు బదులు బంగారు సంకెల వేసికొనినంత మాత్రమున బందీ విముక్తుడు కాడు. లింగమును గుడిలో వెదకుట మాని తనలో గుర్తింపవలెను. ఈ మాటలు విని సిద్ధరామయ్య ప్రభువు వెంట కల్యాణమునకు బయలుదేరెను.

కల్యాణమున

కల్యాణమున బసవేశ్వరుడు బిజ్జలుని కొలువున భండారియై యుండెను. అక్కడి అనుభవమంటపమున సిద్ధరామయ్య కొత్త పరీక్షకు లోనయ్యెను. అప్పటివరకు ఆయన గుడిలోని స్థావరలింగమును పూజించినవాడు, యోగమును సాధించినవాడు. శరణులు ఇష్టలింగ దీక్ష అవసరమనిరి. అంతరంగమున శివుడుండగా చేతిలో లింగమెందులకని ఆయన వాదించెను. వాదము చాలకాలము సాగెను. శూన్యసంపాదనము ఈ చర్చను విపులముగ చెప్పినది. ఎవరును ఆయనను బలవంతపెట్టలేదు, ఆయనయు పెద్దవారని మొగమాటమునకు ఒప్పుకొనలేదు. సందేహము తీరువరకు అడిగెను, తీరిన పిమ్మట తలవంచెను.

తలవంచినది ఎవరి యెదుట? చెన్నబసవన్న యెదుట. చెన్నబసవన్న బసవేశ్వరుని సోదరియైన అక్కనాగమ్మ కుమారుడు, వయస్సున మిక్కిలి చిన్నవాడు. సిద్ధరామయ్య అప్పటికే ఒక ఊరికి తండ్రివంటివాడు; వేలమందికి గురువు. అట్టివాడు ఒక యువకునియొద్ద దీక్ష గైకొనెను. తమకన్న చిన్నవారియొద్ద నేర్చుకొనుట ఎంత కష్టమో గృహస్థులకును తెలియును, మఠములలోనివారికిని తెలియును. కొడుకు చెప్పిన మంచిమాటను తండ్రి వినడు. కోడలు చూపిన సులువును అత్త ఒప్పుకొనదు. ఏండ్ల అనుభవము కలవాడు కొత్తగ చేరినవాని సలహాను త్రోసివేయును. జ్ఞానమునకు వయస్సు లేదని నోటితో చెప్పుట సులభము. సిద్ధరామయ్య దానిని మోకాళ్లపై నిలిచి చెప్పెను. తన వచనములలో ఆయన బసవన్నను, చెన్నబసవన్నను, ప్రభువును పలుమారులు కృతజ్ఞతతో స్మరించెను.

కల్యాణమున ఆయన దృష్టి మరింత విశాలమైనది. స్త్రీని మాయయని త్రోసివేయు విరక్తుల మాటను ఆయన అంగీకరింపలేదు. స్త్రీ కూడ తన ఇష్టదైవము యొక్క రూపమేయని వచనములలో ప్రకటించెను. పెండ్లాడని యోగి నోట ఈ మాట రావడము గమనింపదగినది. అల్లమప్రభువు, చెన్నబసవన్నల తరువాత శూన్యసింహాసనమున మూడవవాడుగ ఆయనను శరణులు కూర్చుండబెట్టిరని సంప్రదాయము. ఒకనాడు ఒడ్డరాముడను పిలుపునకు మండిపడినవాడు ఆ పిలుపు పిలిచినవాని పీఠమునకే వారసుడయ్యెను.

దానము, దాసోహము

సిద్ధరామయ్య జీవితమున సొన్నలిగె నాటి సేవకును కల్యాణము తరువాతి సేవకును గల భేదమును శరణులు రెండు మాటలలో చెప్పిరి. ఒకటి దానము, మరియొకటి దాసోహము. దానమున ఇచ్చువాని చేయి పైన నుండును, పుచ్చుకొనువాని చేయి క్రింద నుండును. దాసోహమున ఇచ్చువాడు తాను సేవకుడనని తలచును. ఉన్నది శివునిది, అది చేరవలసినవారికి చేర్చుట మాత్రమే తన పని. బియ్యమొకటే, వండిన చేయి యొకటే, వడ్డించిన ఆకు ఒకటే. మనస్సు మారినచో అన్నదానము దాసోహమగును. మనస్సు మారనిచో దాసోహమని బోర్డు వ్రాసినను అది దానముగనే మిగులును.

ఇందువలన చెరువు త్రవ్వరాదని అల్లమప్రభువు చెప్పెనని ఎవరును తలపరాదు. దాహము గొన్నవానికి తత్త్వము చెప్పి పంపువాడు శరణుడు కాడు. నిష్కామముగ చేయలేను గనుక ఏమియు చేయనని కూర్చుండువాని సోమరితనము, చేసి చెప్పుకొనువాని గర్వము కన్న మేలైనది కాదు. చెరువు త్రవ్వవలెను, దానితోపాటు చెరువు త్రవ్వితినను తలపును కూడ త్రవ్వి పారవేయవలెను. మొదటి పనికి వేయి చేతులు తోడు వచ్చును. రెండవ పనిని ఒంటరిగ చేసికొనవలెను.

తిరిగి సొన్నలిగెకు

కల్యాణమున శరణుల వెలుగు చిరకాలము నిలువలేదు. సమగార కులమున పుట్టిన హరళయ్య కుమారునికిని, బ్రాహ్మణ కులమున పుట్టిన మధువరసుని కుమార్తెకును వివాహము జరుగగా లోకము ఓర్వలేదు. బిజ్జలుడు ఆ ఇద్దరు తండ్రులకు క్రూరమైన మరణశిక్ష విధించెను. 1167 ప్రాంతమున బిజ్జలుడు హతుడయ్యెను. శరణులు చెల్లాచెదరైరి. బసవేశ్వరుడు కూడలసంగమమున లింగైక్యము చెందెను. చెన్నబసవన్న వచనములను కాపాడుకొనుచు ఉళవికి చేరెను. అల్లమప్రభువు, అక్కమహాదేవి శ్రీశైలపు కదళీవనమున ఐక్యమైరని చెప్పుదురు. సిద్ధరామయ్య మాత్రము సొన్నలిగెకు తిరిగివచ్చెను.

ఆయన తన చెరువునొద్దకే వచ్చెను. అదే నీరు, అదే గుడి, అదే జనులు. వచ్చినవాడు మాత్రము వేరు. వెళ్లినపుడు ఆ ఊరికి కర్తనని తలచినవాడు, వచ్చినపుడు ఆ ఊరికి సేవకుడు. అక్కడనే ఆయన సమాధినొందెను. నేటికిని షోలాపురమున చెరువు నీటి నడుమ సిద్ధేశ్వర దేవాలయమును, అందు ఆయన సమాధిని భక్తులు దర్శించుచున్నారు. తెలంగాణము నుండి మగ్గములపై బ్రతుకుటకై 19, 20వ శతాబ్దములలో అక్కడికి తరలివెళ్లి స్థిరపడిన పద్మశాలి కుటుంబములు వేలకొలది కలవు. కన్నడము, మరాఠీ, తెలుగు మూడు భాషలును ఆ గుడి మెట్లమీద వినిపించును.

ప్రతి సంవత్సరము జనవరి నెలలో మకర సంక్రాంతి వేళ అక్కడ గొప్ప జాతర జరుగును. ఏడు ఎత్తైన నందిధ్వజములను మోసికొని భక్తులు ఊరేగుదురు. 68 లింగములను దర్శింతురు. ఆ జాతర వెనుక ఒక కథ కలదు. ఒక కుమ్మరి కన్య సిద్ధరామయ్యను వివాహమాడ కోరెను. ఆయన యోగి. అయినను ఆ బాలికను కసరి పంపలేదు, ఆమె కోరికను పరిహసింపలేదు. తన యోగదండముతో వివాహము చేసికొనుటకు అనుమతించెను. నాటి వివాహమునే నేడు నందిధ్వజముల వేడుకగ జరుపుదురు. చెరువుగట్టున కంటినుండి నిప్పు కురిపించినవాడే ఒక అమాయకురాలి మనస్సు నొప్పింపకుండ ఇంత మృదువుగ ప్రవర్తించెనని భక్తులు చెప్పుకొనుచున్నారు.

నిత్యజీవితమున

సిద్ధరామయ్య చరిత్ర రాజులకును యోగులకును మాత్రమే చెందినది కాదు. ప్రతి ఇంటియందును ఒక చిన్న చెరువు త్రవ్వబడుచునే యున్నది. ముసలి తండ్రికి మందులు కొనిపెట్టు కుమారుడు నెల చివర ఆ ఖర్చును అన్నదమ్ముల యెదుట లెక్క చెప్పును. జబ్బుపడిన అత్తకు సేవ చేసిన కోడలు ఆ సేవను పదిమంది మెచ్చుకొనలేదని కంట తడిపెట్టును. మఠమునకు విరాళమిచ్చిన గృహస్థుడు పాలరాతి పలకమీద తన పేరు ఇతరుల పేర్లకు క్రింద పడినదని అలుగును. వీరెవరును చెడ్డవారు కారు. చేసిన పని మంచిదే. దానివలన ఒకరికి ఊరట కలిగినది నిజమే. కాని ఒక్క పిలుపు తేడా వచ్చినచో మనస్సు మండునేని, అడుగున పూడిక చేరినదని తెలిసికొనవలెను.

పూడిక చేరుట తప్పు కాదు. ఏ చెరువునకైనను చేరును. దానిని ఏటేట తీసివేయకపోవుటయే తప్పు. మన పెద్దలు ఎండాకాలమున నీరు తగ్గినపుడు చెరువులోనికి దిగి పూడిక మట్టిని తీసి చేలకు తోలుకొనెడివారు. ఆ మట్టి పైరుకు బలము. అట్లే మనిషి తన అహంకారమును గుర్తించి పైకి తీసినచో అది కూడ వివేకమను పంటకు ఎరువగును. సిద్ధరామయ్య కోపము ఆయనకు ఎరువైనది. ఆనాడు కోపము రాకపోయిన యెడల ఆయన సొన్నలిగెలోనే పూజలందుకొనుచు, చెరువు త్రవ్వించిన పుణ్యాత్ముడుగ మిగిలెడివాడు. శూన్యసింహాసనమును అధిష్ఠించిన శివయోగి అయ్యెడివాడు కాడు.

నాడు రాళ్లు రువ్వించిన ఆ పేరు సంగతి కూడ తెలిసికొనదగినది. మన్ను త్రవ్వి రాళ్లు కొట్టి జీవించు ఒడ్డెవారు, కర్ణాటకమున భోవులని పిలువబడువారు, సిద్ధరామేశ్వరుని తమ కులగురువుగ కొలుచుచున్నారు. ఆయన తమవంటి పని చేసినవాడని వారు గర్వింతురు. నిందగ వినిపించిన మాట తరతరములు గడచిన తరువాత వేలకొలది కష్టజీవులకు తలయెత్తుకొను గౌరవమైనది. ఏ పిలుపు అవమానమో, ఏ పిలుపు సన్మానమో కోపమున నున్నవాడు నిర్ణయింపజాలడు.

కాయకము చేయుచు, దాసోహమున జీవించుచు, చేసితినను తలపును శివునకే అర్పించిన మహనీయుడు సిద్ధరామయ్య. ఆయన త్రవ్విన చెరువున నీరు ఎనిమిది వందల యేండ్లకు పైగా నిలిచియున్నది. ఆ నీటిలో ఆకాశము కనిపించును, గుడి కనిపించును. వంగి చూచువానికి వాని ముఖమును కనిపించును. సంక్రాంతికి ఆ మహనీయుని తలచుకొను భక్తులు మ్రొక్కుటతో తృప్తిపడక, ఒక్కక్షణము వంగి తమ ముఖమును కూడ చూచుకొనెదరు గాక. అదియే శివయోగికి తగిన పూజ.